చెవిలోని దూదిపింజ

శుక్రవారం వచ్చిందంటే మా తాత చెవి మడతలో గోరంత దూదిపింజ కనిపించేది. దాని నిండా వట్టివేరు అత్తరు. కారంచేడు, స్వర్ణ, పర్చూరు, చీరాల ప్రాంతాల్లో దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన వృత్తి. ఏడాదిలో రెండు మూడు సార్లు సైకిలుకు చెక్కపెట్టె కట్టుకొని ఒక అత్తరు సాయిబు మా ఊరికి వచ్చేవాడు. పెట్టెలో వరుసగా చిన్న చిన్న గాజు సీసాలు. మా వసారాలో కూర్చొని మంచినీళ్లు తాగి, ఒక్కొక్క సీసా మూత తీసి తాత ముంజేతికి రాసేవాడు. డబ్బు చేతులు మారగా చూసిన గుర్తు నాకు లేదు. తాత గింజా నలుసూ లేకుండా ఏకిన తెల్లటి దూదిని ఒక సంచీ నిండా ఇచ్చేవాడు. ఆయన ఒక సీసా ఇచ్చి వెళ్లేవాడు. ఆ దూదే చిన్న చిన్న పింజలై, అత్తరులో తడిసి, ఎన్నో ఊళ్లలో ఎందరి చెవుల్లోకో చేరేది. ఇద్దరు పేద ముస్లిం వృత్తిదారుల మధ్య సాగిన ఆ మారకం విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అర్థం కావడానికి ముందు దాన్ని పోగొట్టుకున్నాను. ఉద్యోగం కోసం పట్నం చేరిన తొలి రోజుల్లో, ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని కార్యాలయానికి తిరిగి వచ్చాను. పక్క బల్ల దగ్గరి మిత్రుడు కిటికీ తెరుస్తూ, ‘వచ్చేసిందండీ మసీదు వాసన’ అన్నాడు. గదిలో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పై అధికారి నన్ను పక్కకు పిలిచి, ఎంతో సౌమ్యంగా, ‘అది కొంచెం తగ్గించుకుంటే బాగుంటుంది’ అని సలహా ఇచ్చాడు. మరికొన్ని నెలలకు అదే గదిలోకి మరొకరు విమానాశ్రయంలో కొన్న ఊద్ సెంటు కొట్టుకొని వచ్చారు. గది గదంతా ఆ వాసనే. అందరూ చుట్టూ చేరి ఏ కంపెనీదని అడిగారు. అప్పటికే నా సీసా ఇంట్లో బీరువా అడుగున పడి ఉంది. అది చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

ఇంత చిన్న విషయానికి ఈ పత్రికలో చోటెందుకని పాఠకులు అడగవచ్చు. ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం, ఉద్యోగంలో వెనక్కి నెట్టడం, పిల్లల్ని బడిలో వేరుగా చూడడం వంటి పెద్ద సమస్యలు మనకుండగా అత్తరు గురించి చర్చ ఏమిటని అనవచ్చు. కానీ ఆ పెద్ద సమస్యల్లో ఎన్నింటికి ముక్కే మొదటి సాకుగా నిలుస్తున్నదో గమనించండి. ఇల్లు ఇవ్వనివారు మతం పేరు ఎత్తరు. ‘మీ వంటల వాసన మాకు పడదండీ’ అంటారు. వాసన పేరుతో చేసే తిరస్కారానికి సాక్ష్యం ఉండదు, ఫిర్యాదు చేయడానికి కాగితం ఉండదు. అవమానపడినవాడే తన చొక్కా తాను వాసన చూసుకొని, తప్పు తనదేనేమో అనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను. వివక్షలన్నింటిలోనూ మనచేత మనమే అమలు చేయించుకొనే వివక్ష ఇది.

కారంచేడులో పుట్టినవాడికి ఈ సంగతి మరొకరు చెప్పనక్కరలేదు. మా ఊరి పేరు దేశానికి తెలిసింది 1985 జూలై 17 వల్ల. మంచినీటి చెరువు దగ్గర మొదలైన వివాదం, ఆరుగురు మాదిగ సోదరుల హత్యతో ముగిసింది. బతికి బయటపడినవారు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ గాయం నుంచే ఆంధ్రదేశంలో కొత్త దళిత ఉద్యమం లేచింది. ఎవరు తాకితే నీరు మైలపడుతుంది, ఎవరి గేదెలు కడిగినా మైలపడదు అన్న లెక్కలోనే అధికారమంతా దాగి ఉన్నది. ఎవరి ఒంటి వాసన కంపు, ఎవరిది పరిమళం అన్నది కూడా అదే లెక్క. నాకు జరిగిన అవమానాన్ని ఆ నెత్తురుతో సమానం చేయడం లేదు, చేయకూడదు. రెండూ ఒకే చెట్టు కొమ్మలని మాత్రమే చెబుతున్నాను.

అత్తరు పరదేశపు వస్తువని, అది మన నేలకు పరాయిదని అనుకొనేవారికి మా ఊరి నుంచి ఎంతో దూరం లేని మోటుపల్లిని చూపించాలి. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం చరిత్ర పుస్తకాల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. తుపానులో దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ రాజు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం విధించిన సరుకుల జాబితాలో మంచిగంధం ఉంది, కర్పూరం ఉంది, పన్నీరు ఉంది, జవ్వాది ఉంది. ఆ తరువాత కొండవీటి రెడ్డిరాజుల వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. ఏడువందల ఎనభై ఏళ్లుగా ఈ తీరానికి పరిమళం ఓడల్లో వస్తూనే ఉంది, తెచ్చినవారికి అభయం దొరుకుతూనే ఉంది. ‘మసీదు వాసన’ అని కిటికీ తెరవడమే కొత్త.

కొన్నేళ్ల కిందట తాత వస్తువులు సర్దుతుండగా ఖాళీ సీసా ఒకటి దొరికింది. మూత తీస్తే ఇంకా వట్టివేరు పలికింది. ఆ రోజు నుంచి అత్తర్లను మళ్లీ రాసుకోవడం, వాటి తీరు తెలుసుకోవడం మొదలుపెట్టాను. హైదరాబాదు చార్మినారు చుట్టుపక్కల దుకాణాల్లో గంటల తరబడి కూర్చున్నాను. పాఠకులతో పంచుకోదగిన అనుభవాలు కొన్ని మిగిలాయి.

సెంటు గాలిలోకి ఎగిరి అందరికంటే ముందు తానే పలకరిస్తుంది. అత్తరు అలా కాదు. అది నూనె, అందులో మద్యసారం ఉండదు. చర్మాన్ని అంటిపెట్టుకొని, ఒంటి వెచ్చదనంతో మెల్లగా విచ్చుకుంటుంది. మొదటి పావుగంట కొంచెం ఘాటు. జుహర్ వేళ రాసుకున్నది అసర్ వేళకు మెత్తబడుతుంది. మగ్రిబ్ నాటికి మన ఒంటి వాసనలో కలిసిపోయి, కౌగిలించుకున్నవాడికి తప్ప మరెవరికీ తెలియదు. ఒకే సీసాలోది నాకూ మా తమ్ముడికీ రెండు రకాలుగా పలుకుతుంది.

రోహిణీ ఎండల్లో వట్టివేరుకు సాటి లేదు. తడిపిన తడికల చల్లదనం, తవ్విన వేరు పచ్చిదనం అందులో ఉంటాయి. చలికాలానికి శమామా. ఎన్నో మూలికలు, మసాలా దినుసులు కలిపి తీసే ఈ అత్తరు పాత ఉన్ని శాలువాలా ఒంటిని చుట్టుకుంటుంది. మొగలిరేకుల కేవడా నాకు పడలేదు. తలనొప్పి వచ్చింది. అయినా ఆ పరిమళం ఎక్కడిదో తెలిశాక గౌరవం పెరిగింది. దానికి పెట్టింది పేరు మన తెలుగువారు ఎందరో నివసించే ఒడిశాలోని గంజాం తీరం. అన్నింటికంటే నన్ను కదిలించింది మట్టి అత్తరు. కాల్చిన మట్టిని నీటితో కాచి తీసే పరిమళం అది. మొదటిసారి రాసుకున్నప్పుడు దుకాణంలోనే కళ్లు మూసుకున్నాను. తొలకరి చినుకు పడిన మా కారంచేడు నల్లరేగడి చేను కళ్ల ముందు నిలిచింది. ఊరు విడిచిన మనిషికి ఊరిని తిరిగి ఇచ్చే శక్తి ఒక్క చుక్కలో ఉన్నదని ఆనాడు నమ్మాను.

ఆ చుక్క వెనుక చేతులున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఈ పనికి కేంద్రం. 2014లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ పెద్ద రాగి డేగిశాలో పూలూ నీళ్లూ పోసి, మూతను మట్టితో, దూదితో బిగిస్తారు. అక్కడా దూదే! వెదురు గొట్టం గుండా ఆవిరి, నీటి తొట్టిలో ముంచిన మరో రాగి పాత్రలోకి చేరుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. పూల పరిమళాన్ని పట్టి ఉంచేది ఆ నూనే. కింద కట్టెలు, పిడకల మంట. అది ఎక్కువైందా తక్కువైందా అన్నది పనివాడి అరచేయి, చెవి, ముక్కు చెప్పాలి. గంధపు నూనె ధర అందరాని ఎత్తుకు పోయాక చాలామంది పారఫిన్ నూనెకు దిగిపోయారు. రసాయనాలతో చేసిన చౌక సీసాలు ‘అసలు అత్తరు’ పేరుతో మన మసీదుల ముందే అమ్ముడవుతున్నాయి. అడిగి, తెలుసుకొని కొనేవారు లేకపోతే అసలు చేతిపని నిలవదు.

ఇక మన దగ్గరికి వద్దాం. పెట్టె పట్టుకొని ఊరూరా తిరిగిన అత్తరు సాయిబులకు చట్టంలో ఒక పేరుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలోని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు విద్య, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, బీసీ-ఈ జాబితాలో ‘అత్తర్ సాయిబులు, అత్తరోళ్లు’ అని స్పష్టంగా చేర్చింది. దూదేకులవారు అంతకు ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల నీడలోనే ఆ హక్కు ఇప్పటిదాకా నడుస్తున్నది. అది మతం ఆధారంగా ఇచ్చిన దానమని నిత్యం ప్రచారం చేసేవారికి ఆ జాబితానే జవాబు. అందులో ఉన్నవి చాకలి, మంగలి, కసాబు, ఫకీరు, అత్తరు వంటి పనిపాటల పేర్లు. వెనుకబాటుతనం వృత్తిని అంటి ఉన్నదని ఆ పేర్లే చెబుతున్నాయి.

చట్టంలో పేరుంటే చాలదు. చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పూలమాలలు కట్టేవారున్నారు, సంతోషం. ఆ పూల నుంచి పరిమళం తీసేవారు లేరు. దూది ఏకి పరుపులు కుట్టేవారూ లేరు. ఈ రెండు వృత్తులను జాబితాలో చేర్చమని అడగడం అసాధ్యమైన కోరిక కాదు. మన ప్రజాప్రతినిధుల ముందు, మైనారిటీ సంక్షేమ కార్యాలయాల ముందు ఉంచవలసిన చిన్న, స్పష్టమైన విజ్ఞప్తి.

ఇతరుల ముక్కు గురించి మాట్లాడాను కనుక మన ముక్కు గురించీ మాట్లాడాలి. అత్తరును ప్రేమించే మనం అత్తరు సాయిబును ఏ మేరకు గౌరవించాం? పెళ్లి సంబంధాల వేళ ‘వాళ్లు అత్తరోళ్లు’, ‘వీళ్లు దూదేకులోళ్లు’ అని పెదవి విరిచినవారు మన మసీదు వరుసల్లో మన భుజానికి భుజం ఆనించి నిలబడినవారే. నాకు తెలిసిన ఒక అత్తరు కుటుంబం ఆ మాట పడలేక తమ వృత్తి పేరునే దాచుకుంది. పిల్లలకు అది తెలియదు. మంచి స్నేహితుడిని కస్తూరి అమ్మేవాడితో పోల్చి చెప్పారు దైవప్రవక్త ముహమ్మద్ (స). అతడు ఏమీ ఇవ్వకపోయినా, మీరు ఏమీ కొనకపోయినా, అతని దగ్గర కూర్చున్నందుకు మంచి వాసనైనా దక్కుతుందన్నది ఆ బోధ సారాంశం. ప్రవక్త మంచితనానికి ఉపమానంగా ఎంచుకున్న వృత్తిని మనం తక్కువగా చూడడం ఏ ధర్మం?

మరొక మాట. హక్కు మనదే అయినా మర్యాద కూడా మనదే. మూసి ఉన్న గదుల్లో, ఆస్పత్రుల్లో, ఉబ్బసం ఉన్నవారి పక్కన ఘాటైన అత్తరు వద్దు. ముంజేతికి ఒక చుక్క చాలు. ‘తగ్గించుకోండి’ అని ఒక రోగి అడిగితే అది వినవలసిన మాట. ‘మసీదు వాసన’ అని ఎగతాళి చేస్తే అది ఎదిరించవలసిన మాట. రెండింటికీ తేడా తెలియడమే ఆత్మగౌరవం.

ఇప్పుడు నేను మళ్లీ శుక్రవారాలు అత్తరు రాసుకొని పనికి వెళుతున్నాను. ఈమధ్య ఒక యువ సహోద్యోగి ఏమిటా వాసన అని అడిగాడు. అడిగిన తీరులో ఎగతాళి లేదు. జేబులోంచి సీసా తీసి అతని ముంజేతికి ఒక చుక్క రాశాను. సుగంధం ఎవరైనా ఇస్తే కాదనవద్దన్న బోధ మనకుంది. అతడు ఆ బోధ ఎరిగినవాడు కాదు, అయినా కాదనలేదు. చేయి ముక్కు దగ్గర పెట్టుకొని, ‘వానపడ్డట్టుంది సార్’ అన్నాడు. అతనిదీ పల్లెటూరేనట.

బీరువాల అడుగున ఉన్న సీసాలను బయటికి తీయండి. ఈసారి కొనేటప్పుడు అమ్ముతున్న మనిషి ఊరూ పేరూ అడగండి, బేరం ఆడకండి. అతని పిల్లలకు బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నదో లేదో కనుక్కోండి. లేకపోతే మండల కార్యాలయం దాకా తోడు వెళ్లండి.