పన్నెండు వారాల వైద్యం ఎవరికి అందుతుంది?

బస్సు ప్రయాణం ఉందంటే పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టని ఆడవాళ్లు మన ఇళ్లలో ఎందరో. పెళ్లికి వెళ్తే ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుంటారు. సినిమా హాల్లో వరస చివరి సీటు కావాలంటారు. రాత్రి మూడుసార్లు లేస్తారు. ఎవరైనా అడిగితే ‘కాన్పుల తర్వాత ఇంతేలే’ అని మాట దాటేస్తారు. దీన్నే డాక్టర్లు ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటున్నారు. మూత్రాశయం నిండకముందే బిగుసుకుంటుంది. ఉన్నపళంగా వెళ్లాలనిపిస్తుంది. కొందరికి తలుపు గడియ తీసేలోపే బట్టలు తడుస్తాయి. మగవాళ్లకూ ఈ బాధ ఉంది, కాకపోతే వాళ్లు నెపం ప్రోస్టేట్ మీదికి నెట్టేస్తారు. కెనడాతో పాటు నాలుగు ఐరోపా దేశాల్లో చేసిన ఎపిక్ సర్వే 2006లో వెలువడింది. అందులో పెద్దవాళ్లలో 11.8 శాతం మందికి ఈ లక్షణాలున్నట్టు తేలింది.

మందులు లేకపోలేదు. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరొడిన్, సోలిఫెనాసిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవే. చిక్కల్లా నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం. నాలుగు నెలలు తిరక్కుండానే చాలామంది మాత్రలు మానేస్తారు. పైగా అమెరికాలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని గమనించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. ఈ తరహా మందులను ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడినవారిలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని అది చెప్పింది. మందే కారణమని రుజువు కాలేదు గానీ, డెబ్బై ఏళ్ల తల్లికి రాసే ముందు డాక్టరు ఒక్క క్షణం ఆగాల్సిన విషయమే. తర్వాత వచ్చిన మిరాబెగ్రాన్‌కు ఆ మచ్చ లేదు, కానీ బీపీ మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఇక్కడే చీలమండ నరం ప్రస్తావన వస్తుంది. కాలి లోపలి వైపున దిగే టిబియల్ నరం, మూత్రాశయాన్ని నడిపే నరాలు వెన్నుపాములో ఒకేచోట, త్రికాస్థి భాగంలో కలుస్తాయి. ఒకే ఫీడర్ మీద రెండు ఊళ్లున్నట్టు, కింద కరెంటు పెడితే పైన తేడా తెలుస్తుంది. చైనా ఆక్యుపంక్చర్ నుంచి ఈ ఊహ అందుకుని అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ మెక్‌గ్వయర్ 1983లో చర్మం మీద నుంచే కరెంటు పెట్టి చూశారు. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్షల్ స్టోలర్ సన్నని సూదితో పద్ధతిని స్థిరపరిచారు. రోగి కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంటారు. చీలమండ ఎముకకు మూడు వేళ్లు పైన వెంట్రుకంత సూది దిగుతుంది. కరెంటు పెంచుతూ పోతే ఒకచోట బొటనవేలు దానంతటదే వంగుతుంది, లేదా అరికాలు జివ్వుమంటుంది. సూది సరైన చోట ఉందనడానికి అదే గుర్తు. అక్కడి నుంచి అరగంట. వారానికొకసారి, 12 వారాలు. కోత లేదు, మత్తు లేదు.

పనిచేస్తుందా? 2010లో వెలువడిన సుమిట్ ప్రయోగంలో 220 మంది పాల్గొన్నారు. సగం మందికి అసలు చికిత్స, సగం మందికి ఉత్తుత్తి చికిత్స. ఆ సూది మొన చర్మంలోకి దిగదు. పాదం మీద అంటించిన ప్యాడ్లు మాత్రం జిలజిలమనిపిస్తాయి, కాబట్టి ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు. బాగా మెరుగయ్యామన్నవారు మొదటి గుంపులో 54.5 శాతం, రెండో గుంపులో 20.9 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి సూది వల్లే మేలు జరిగిందనుకోవచ్చు. అద్భుతం కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. టోల్టెరొడిన్‌తో పోల్చిన మరో ప్రయోగంలో మూత్రానికి వెళ్లే సార్లు రెండింటితోనూ దాదాపు సమానంగానే తగ్గాయి. నోరు ఎండకుండా మాత్రతో సరితూగితే అది చిన్న విషయమేమీ కాదు.

వైద్య సంఘాల మాట మాత్రం ఒకటిగా లేదు. మిగతావన్నీ విఫలమై, బోటాక్స్ వంటివి రోగి వద్దంటేనే దీన్ని చూడమంది 2019 నాటి బ్రిటన్ మార్గదర్శకం. ముందు వ్యాయామం, తర్వాత మాత్రలు అన్న మెట్ల వరసనే తీసేసింది అమెరికా యూరాలజీ సంఘం 2024లో. రోగి కోరుకుంటే నేరుగా ఇదే చేయొచ్చంది. నా మొగ్గు రెండో వైపే, ముఖ్యంగా పెద్ద వయసువారి విషయంలో.

అయితే మన దగ్గర అసలు అడ్డంకి సూది కాదు, 12 వారాలు. ఉట్నూరు నుంచో పాడేరు నుంచో ఒకావిడ అరగంట వైద్యానికి వారం వారం నగరానికి రావాలి. కూలి పోతుంది, తోడు ఒకరు కావాలి. పైగా దారి పొడవునా ఆపుకోలేని బాధే. ఆ తర్వాత కూడా ఫలితం నిలవాలంటే ఇంచుమించు నెలకొకసారి వస్తూనే ఉండాలి. అమెరికాలో దీనికి విరుగుడుగా చీలమండ దగ్గర చర్మం కింద అమర్చే పరికరాలకు అనుమతిచ్చారు. 2022లో ఇకాయిన్, 2023లో రెవీ. వాటికి కోత తప్పదు, ధర సంగతి సరేసరి.

చవకైన దారి ఒకటుంది. మోకాలి నొప్పికి, నడుం నొప్పికి మన ఊళ్లలో ఫిజియోథెరపిస్టులు వాడే టెన్స్ మిషన్‌తోనే, సూది లేకుండా, రెండు ప్యాడ్లు అంటించి ఈ నరానికి కరెంటు ఇవ్వొచ్చు. నేర్పిస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు. సూదికున్నంత గట్టి రుజువు ప్యాడ్లకు లేదు. బ్రిటన్ వృద్ధాశ్రమాల్లో 400 మందికి పైగా పెద్దవాళ్ల మీద ఇదే పద్ధతిని పరీక్షిస్తే ఉత్తుత్తి చికిత్సకు, దీనికి తేడా కనబడలేదని 2021లో తేలింది. కానీ వృద్ధాశ్రమాల్లో ఉండేవారి మూత్రం సమస్య వేరు, పొలానికి వెళ్లొచ్చే యాభై ఏళ్ల మనిషి సమస్య వేరు. ఆ ఒక్క ఫలితంతో తలుపు మూసేయనక్కర్లేదు. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమంలోనే జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉండాలని ఉంది. అక్కడి సిబ్బందికి ఈ పద్ధతి నేర్పి, ఫలితాలు నమోదు చేయిస్తే మన రోగుల లెక్క మనకే తెలుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సింది ఇదే. ప్రైవేటు ఆసుపత్రుల ప్యాకేజీల ప్రకటనలకు ఈ పని వదిలేయకూడదు.

ఒక హెచ్చరిక. మాటిమాటికీ వెళ్లాల్సి రావడం షుగరు పెరగడం వల్ల కావచ్చు, ఇన్‌ఫెక్షన్ వల్ల కావచ్చు, సాయంత్రం వేసుకునే బీపీ మాత్ర వల్ల కూడా కావచ్చు. మూత్రంలో రక్తం పడితే సంగతే వేరు. పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ కరెంటు పనికిరాదు. షుగరుతో కాళ్ల నరాలు దెబ్బతిన్నవారికి దీనివల్ల ఎంత మేలన్నది డాక్టరే తేల్చాలి. కాబట్టి మిషన్ కొనే ముందు ఒక పని చేయండి. మూడు రోజుల పాటు ఎన్ని నీళ్లు తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో, ఎప్పుడు ఆపుకోలేకపోయారో ఒక కాగితం మీద రాసుకుని, సిగ్గుపడకుండా యూరాలజిస్టుకో గైనకాలజిస్టుకో చూపించండి.