బడి భవనానికి తలల లెక్క ఒక్కటే చాలదు

బహమనీ రాజ్యపు వజీరు ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో బీదరులో ఒక మదరసా కట్టించారు. మూడంతస్తుల ఆ భవనంలో పాఠాలు చెప్పే హాళ్లు, గ్రంథాలయం, మస్జిదు, ఉస్తాదులూ విద్యార్థులూ నివసించడానికి గదులు అన్నీ ఒకే చోట అమర్చారు. కొంత భాగం శిథిలమైనా ఆ కట్టడం నేటికీ నిలిచి ఉంది. కితాబుకూ ఉస్తాదుకూ పైన ఒక నీడ కావాలని ఆనాటి పాలకులు ఎరిగి ఉన్నారు. ఈనాటి పాలకులకు ఆ మాట గుర్తు చేయవలసి రావడం శోచనీయం.

2025 జూలై 25న రాజస్థాన్ రాష్ట్రం ఝాలావాడ్ జిల్లా పిప్లోది గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలింది. ఏడుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. చదువుకొమ్మని తల్లులు ముఖం కడిగి, తల దువ్వి పంపిన పిల్లలు వారు. దూరాన ఎక్కడో జరిగింది కదా అని మనం ఊరుకోవడానికి వీల్లేదు. వానాకాలంలో కురిసే గదులు, పెచ్చులూడే కప్పులు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

ఇక చట్టం సంగతి చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రతి ఉపాధ్యాయునికి కనీసం ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, మధ్యాహ్న భోజనానికి వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ ఉండాలని ఆ చట్టం షెడ్యూలులో స్పష్టంగా రాసి ఉంది. అప్పటికే నడుస్తున్న పాఠశాలలు ఈ కొలతకు రావడానికి ఇచ్చిన గడువు మూడేళ్లు. ఆ గడువు 2013లోనే ముగిసింది. నిధులు సమకూర్చే బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటిదీ అని కూడా చట్టమే చెబుతోంది. కనుక బడి గది అడగడమంటే ఖైరాత్ అడగడం కాదు. అది మన బిడ్డల హక్కు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. అలా అనడం ఇన్సాఫ్ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో 'మన బడి నాడు-నేడు' ప్రారంభమైంది. మొదటి విడతలో 15,715 పాఠశాలలను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, బల్లలు, ఫ్యాన్లు వచ్చాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిపించడం మంచి పద్ధతి. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. పట్టణాలలో దాని పేరు 'మన బస్తీ - మన బడి'. 26,065 పాఠశాలలకు 7,289 కోట్ల రూపాయల అంచనా వేశారు. అంటే సగటున ఒక్కో బడికి సుమారు 28 లక్షలు. మూడు విడతలలో పూర్తి చేస్తామన్నారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. తెలంగాణలో మొదటి విడతకు 9,123 పాఠశాలలను ఎంపిక చేసినప్పుడు, పిల్లల సంఖ్య ఎక్కువగా ఉన్న బడులకే ముందు స్థానం ఇచ్చారు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి మేలు జరుగుతుందన్నది అందులోని ఆలోచన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే పిల్లలు తక్కువగా ఉన్న బడిలో వారు ఎందుకు తగ్గారు? కప్పు కురుస్తుంటే, మరుగుదొడ్డికి తలుపు లేకుంటే, ఐదు తరగతులు రెండు గదుల్లో కూర్చుంటే ఏ తండ్రి తన బిడ్డను అక్కడే ఉంచుతాడు? అప్పో సప్పో చేసి ప్రైవేటు బడికి పంపుతాడు. సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గింది కనుక నిధులు రావు. నిధులు రాలేదు కనుక మిగిలినవారూ వెళ్లిపోతారు. చివరికి పిల్లలు లేరని బడికే తాళం వేస్తారు. అప్పు చేయలేని కూలివాని బిడ్డ, ముఖ్యంగా ఆడబిడ్డ, ఆ తాళం ముందు నిలబడుతుంది.

మేము చాలా ఏళ్లు ఉర్దూ మీడియం బడులలో పాఠాలు చెప్పాము. ఒక బడిలో ఆరవ తరగతిలో ఉన్న అమ్మాయిలలో సగంమంది ఎనిమిదికి వచ్చేసరికి కనిపించేవారు కాదు. వారి ఇళ్లకు వెళ్లి అడిగితే తల్లులు గొంతు తగ్గించి చెప్పే కారణం ఒక్కటే: "అక్కడ వెళ్లడానికి చోటు లేదు మౌల్వీ సాబ్." చదువు మీద ఇష్టం లేక మానేసినవారు వారిలో బహు కొద్దిమంది.

నిర్వహణ గ్రాంటులోనూ ఇదే లెక్క. సమగ్ర శిక్ష కింద ఏటా పాఠశాలకు ఇచ్చే మొత్తం పిల్లల సంఖ్యను బట్టే నిర్ణయమవుతుంది. 101 నుండి 250 మంది వరకు ఉంటే 50 వేలు, వెయ్యి దాటితే లక్ష. సుద్దముక్కలకూ, కరెంటు బిల్లుకూ ఈ లెక్క సరిపోవచ్చు. కాని 40 ఏళ్ల నాటి కప్పు కింద ఎంతమంది కూర్చున్నారో చూసి కూలదు. వాన నీరు హాజరు పట్టీ చూసి లోపలికి రాదు.

అద్దె ఇళ్లలో నడిచే బడుల గతి మరీ అన్యాయం. హైదరాబాద్ పాతబస్తీ వాసులకు ఇది తెలిసిన సంగతే. పరాయి ఇంటిమీద ప్రభుత్వ ధనంతో గది కట్టడం కుదరదు. ఇంటి యజమానికి బాగు చేయించాలన్న తొందర ఉండదు. అందువల్ల మరమ్మతు పథకాలు ఎన్ని వచ్చినా ఆ పిల్లల దాకా చేరవు. అందరికంటె ఎక్కువ అవసరం ఉన్నవారు జాబితాలో అందరికంటె చివర ఉంటారు.

మరి న్యాయమైన పద్ధతి ఏది? ముందుగా, సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రతి బడికీ గట్టి కప్పు, నీరు, తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. ఈ కనీస అవసరాలు తీరిన తర్వాత అదనపు గదులకు పిల్లల సంఖ్య చూడవచ్చు. పిల్లలు కిక్కిరిసిన పెద్ద బడుల అవసరాన్ని మేము కాదనడం లేదు. అద్దె బడులకు అదే బస్తీలో ప్రభుత్వ స్థలం చూపి, సొంత భవనానికి విడిగా నిధి కేటాయించాలి. ఇక మూడవది, మొదలుపెట్టిన పని పూర్తి కావాలి. ఆంధ్రలో రెండవ విడత పనులు అనేక చోట్ల అసంపూర్తిగా ఉండగానే 2024లో ప్రభుత్వం మారింది. తెలంగాణలో 2023 డిసెంబరులో మారింది. పథకానికి పేరు మార్చుకుంటే మార్చుకోండి. లేచిన గోడకు కప్పు వేయండి. గోడకు పార్టీ లేదు.

"మనమే చందాలు వేసుకుని బాగు చేసుకుందాం" అనే సోదరులున్నారు. వారి మనసు గొప్పది. ఫ్యానో, బల్లో ఇవ్వడం సవాబే. అయితే భవనం బాధ్యత ప్రభుత్వానిదే. సబ్బుబిళ్ల కొన్న పేదవాడు సైతం పన్ను కడుతున్నాడు. ఆ ధనం పాలకుల చేతిలో అమానత్. పైగా చందాలు కలిగినవారి మొహల్లాలోనే పోగవుతాయి. లేనివారి బస్తీలో ఎవరు వేస్తారు?

మన చేతిలోనూ ఒక పని ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగంమంది మహిళలు ఉండాలి. ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులకు ఆధారం కావాలని చట్టంలో ఉంది. చాలా చోట్ల ఆ కాగితం ప్రధానోపాధ్యాయుడు ఒక్కడే నింపి పంపుతున్నాడు, మనం వేలిముద్ర వేసి వస్తున్నాం. ఈ వారం మీ పిల్లల బడికి వెళ్లండి. ఎన్ని గదులు పనికొస్తాయి, ఎన్ని కురుస్తాయి, మరుగుదొడ్లలో నీరు వస్తున్నదా, మీ కళ్లతో చూడండి. చూసింది ప్రణాళికలో రాయించండి. దాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకుని, మండల విద్యాధికారినీ, శాసనసభ్యుణ్ణీ మర్యాదగా, విసుగు లేకుండా అడుగుతూ ఉండండి. తల్లులను కూడా వెంట తీసుకువెళ్లండి. ఆడపిల్లల కష్టం వారు చెప్పినట్టు మనం చెప్పలేము.