భరణం కాదు, వాటా కావాలి

మనోవర్తి మాట వచ్చినప్పుడల్లా 'భార్యను పోషించడం భర్త బాధ్యత' అంటారు. నా అభ్యంతరం ఆ మాటతోనే. ఇరవై ఏళ్ళు వండి వార్చి, పిల్లల్ని పెంచి, అత్తమామలకు చాకిరీ చేసి, పొలంలో కలుపు తీసిన స్త్రీ ఉన్న ఇంట్లో ఎవరు ఎవర్ని పోషించినట్టు?

గోవాలో పెళ్ళితో భార్యాభర్తల ఆస్తి సాధారణంగా ఉమ్మడి అవుతుంది. మిగతా దేశంలో అలా కాదు, కాగితం ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిదే. ఆ కాగితం ఎవరి పేరున ఉంటుందో మనకు తెలుసు. విడాకులనాడు స్త్రీకి మిగిలేది భరణం అడుక్కునే హక్కు. పాత సెక్షన్ 125 కింద 2001 దాకా నెలకు 500 రూపాయలే గరిష్ఠం. 2024 జులైలో ఆ సెక్షన్ కొత్త సంహితలో 144 అయింది. అంకె మారింది గానీ షరతులు మారలేదు. 'తగిన కారణం లేకుండా' వేరుగా ఉన్నా, వ్యభిచార జీవితం గడుపుతోందని తేలినా భార్యకు మనోవర్తి లేదు. అంటే చట్టం చూసేది ఆమె శ్రమను కాదు, శీలాన్ని.

పుట్టింటి సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళైనవాళ్ళకు రాలేదు. ఆ అడ్డు తొలగడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రభుత్వ సాయానికీ పెళ్ళే కొలబద్ద. తెలంగాణలో 2017లో మొదలైన ఒంటరి స్త్రీల పింఛను కావాలంటే, భర్త లేని బతుకని అధికారుల ముందు రుజువు చేసుకోవాలి.

భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది 2014లో మురిగిపోయింది. కుటుంబాలు కూలిపోతాయని గగ్గోలు పెట్టారు. భార్యకు వాటా ఇస్తే కూలిపోయే కుటుంబం ఇన్నాళ్ళూ ఆమె లేమి మీదే నిలబడిందన్న మాట! ఇంటిచాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని, భార్యకు సమాన వాటా ఉందని 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఒక తీర్పు చట్టం కాదు. చట్టం కావాలి.

అంతవరకు మనం చేయాల్సిన పని ఉంది. ఇరుపక్షాలూ ఆస్తుల, ఆదాయాల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన దగ్గరికొచ్చే ప్రతి కేసులో దాన్ని పట్టుబట్టి వేయించాలి. పెళ్ళి తర్వాత కొన్న ఇల్లు, పొలం, బంగారం, కట్టిన చీటీలు అన్నీ రాయించాలి. నెలకు ఎంతిస్తాడన్న బేరంతో ఆగకుండా, ఇద్దరి కష్టంతో కూడిందెంత, అందులో ఆమెదెంత అని అడగడం మొదలుపెట్టాలి.