చించిల్లాయు అంగడివాని యుపదేశమును

ఒక ప్రాణిని ధనమిచ్చి కొనుట సులభము. దాని స్వభావము నెఱిగి పెంచుట కష్టము. ఈ రెంటికిని నడుమ నిలిచి మాటలాడువాడు అంగడివాడు. వాని మాట సరియైనదైనచో ప్రాణి బ్రతుకును. తప్పైనచో నోరులేని జంతువు ఆ తప్పునకు తన ప్రాణమునే వెలగా చెల్లించును. పెంపుడు జంతువుల నమ్ము అంగళ్ళలో కొనువారికి చెప్పబడు సలహాలు తఱచుగా అజ్ఞానమువలన పుట్టినవనియు, వానివలన గొప్ప హింస జరుగుచున్నదనియు మా యభిప్రాయము. ఇందుకు దృష్టాంతముగా చించిల్లా యను చిన్న జంతువును గైకొందుము. అది మన దేశపు జంతువు కాదు. అమెరికాలోను ఐరోపాలోను అనేక గృహములలో పెంచబడుచున్నది. కాని మన విద్యార్థులలో కొందఱు సెల్‌ఫోనులలో దాని బొమ్మలను చూచి ముచ్చటపడుచున్నారు గనుక దానిని గూర్చి యీ పత్రికలో వ్రాయుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

చించిల్లా దక్షిణ అమెరికా ఖండమందలి ఆండీస్ పర్వతముల జంతువు. ఎలుక, ఉడుతలవలె ముందుపండ్లతో కొఱికి తిను జంతువుల తెగలోనిది. బరువు ఇంచుమించు అర కిలోగ్రాము, చెవులు గుండ్రనివి, తోక కుచ్చువంటిది. దీని చర్మమునందు ఒక్కొక్క కుదుటినుండి సుమారు 60 సన్నని వెండ్రుకలు మొలచును. అందుచేత దాని బొచ్చు పట్టుకంటె మెత్తనిదై, గాలి జొఱరానంత దట్టముగా నుండును. అది నివసించు కొండలు చల్లనివి, పొడివి. వాన మిక్కిలి తక్కువ. పగలు ఱాళ్ళసందులలో నిద్రించి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వెలువడి, ముతకగడ్డియు ఆకులును బెరళ్ళును తిని బ్రతుకును. ఈ నాలుగు మాటలు, అనగా చల్లదనము, పొడిదనము, ముతకగడ్డి, రాత్రి సంచారము అను నవి చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. అంగడివాని సలహాలను పరీక్షించుటకు ఇవియే మనకు గీటురాయి.

ఆ బొచ్చే దానికి శత్రువైనది. 19వ శతాబ్దపు చివరను, 20వ శతాబ్దపు మొదటను వర్తకులు లక్షలకొలది చించిల్లాలను చంపించి చర్మములను ఐరోపాకు ఎగుమతి చేసిరి. 1910వ సంవత్సరమున చిలీ, బొలీవియా, పెరు, అర్జెంటీనా దేశములవారు ఈ వేటను మాన్పుటకు ఒడంబడిక చేసికొనిరి గాని, అప్పటికే కొండలు చాలవఱకు శూన్యములైనవి. 1923లో మథియాస్ చాప్మన్ అను అమెరికా దేశపు గని ఇంజనీరు చిలీలో పట్టించిన 11 చించిల్లాలను కాలిఫోర్నియాకు కొనిపోయెను. చర్మముల కొఱకు వానిని పెంచవలెనని ఆయన తలంపు. అయినను ఎత్తైన కొండలనుండి వానిని ఒక్కసారిగా దింపక, క్రిందిప్రదేశపు గాలికి అలవాటుపడునట్లు మెల్లమెల్లగా దింపెననియు, ఓడలో మంచుగడ్డలతో వాని బోనులను చల్లపఱచెననియు చెప్పుదురు. నేడు గృహములలో పెరుగు చించిల్లాలలో చాలభాగము ఆ 11 జంతువుల సంతతియే. వాని చర్మము నాశించినవానికి తెలిసిన సంగతి, వానిని ముద్దుబిడ్డలవలె పెంచుమని చెప్పి అమ్మువానికి తెలియకపోవుట ఎంత విపరీతము! చిలీ దేశమున వీని రక్షణకై 1983లో ప్రత్యేకముగా ఒక అరణ్యము కేటాయింపబడినను, అడవి చించిల్లాలు నేటికిని అంతరించిపోవు ప్రమాదములోనే యున్నవి.

ఇక అంగళ్ళలో సాధారణముగా చెప్పబడు మాటలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది, “ఇంటిలో ఎక్కడనైనను ఉంచవచ్చును; ఎండకాలమున ఒక ఫాను త్రిప్పిన చాలును” అనునది. ఇది ప్రాణాపాయకరమైన మాట. 25 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడి చించిల్లాకు అపాయము. గాలిలో తేమకూడ నుండినచో అపాయము రెట్టింపగును. ఫాను మనకేల చల్లగా నుండును? మన చర్మముపై చెమట ఆఱిపోవుచు దేహపు వేడిని కొనిపోవును. చించిల్లాకు అట్లు చెమట పోయదు. దట్టమైన బొచ్చు గాలిని చర్మమునకు సోకనీయదు. వేడిగాలిని వేడిగాలితో కదల్చుటవలన దానికి కలుగు మేలేమి? ప్రకృతిశాస్త్రము చదివిన మన ఎనిమిదవ తరగతి బాలుడు దీనిని గ్రహింపగలడు. వేలకొలది రూపాయలకు జంతువు నమ్మువాడు గ్రహింపకున్నాడు.

రెండవది స్నానమును గూర్చినది. “మురికియైనచో నీళ్ళతో కడుగుడు” అని కొందఱందురు. నీటిలో తడిసిన ఆ బొచ్చు త్వరగా ఆఱదు. లోపల తేమ నిలిచి బూజు పట్టును, జంతువునకు జలుబు చేయును. అది తన దేశమున అగ్నిపర్వతపు మెత్తని ధూళిలో పొరలాడి బొచ్చునందలి జిడ్డును తేమను పోగొట్టుకొనును. అట్టి మెత్తని ధూళిని వారమునకు రెండు మూడు పర్యాయములు పదినిమిషములసేపు పాత్రలో ఉంచి తీసివేయవలెను. మఱికొందఱు ధూళికి బదులు ఇసుక నిత్తురు. ముతక ఇసుక బొచ్చును తెగగొట్టును. ఇంకను కొందఱు ఆ పాత్రను బోనులోనే విడిచిపెట్టుమందురు. అప్పుడు అది మలమూత్రములతో చెడి కన్నులకు బాధ కలిగించును.

మూడవది ఆహారము. అంగడి అలమరలో రంగురంగుల సంచులుండును. వానిలో ప్రొద్దుతిరుగుడు విత్తులు, మొక్కజొన్న, బాదముపప్పు, ఎండుద్రాక్ష కలిపియుండును. సంచిపై చించిల్లా బొమ్మయు నుండును. చూచుటకది పెండ్లివిందువలె నుండును గాని, ముతకగడ్డి తినుటకు నిర్మింపబడిన ఆ కడుపునకు అది విషతుల్యము. క్రొవ్వును తీపిని అరిగించుకొనజాలక కడుపు ఉబ్బును. వమనము చేసికొను శక్తి ఆ జంతువునకు లేదు. మఱియు దాని పండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. ఎండుగడ్డిని గంటలకొలది నమలినప్పుడే అవి అరిగి సమముగా నుండును. మెత్తని తిండి తినుదానికి పండ్లు పెరిగి చిగుళ్ళను నాలుకను గాయపఱచును; చొంగ కార్చుచు, ఆకలియుండియు తినలేక, అది కృశించి చచ్చును. ఎల్లవేళల ఎండుగడ్డి, కొలతగా గడ్డిపొడి బిళ్ళలు, మంచినీరు, ఇవి చాలును. కాని ఎండుగడ్డిలో వర్తకునకు లాభమెంత?

నాల్గవది ఉపకరణములు. ఇరుకైన బోను, సన్నతీగలతో అల్లిన చిన్నచక్రము, ప్లాస్టికు గొట్టములు, గుండ్రని ప్లాస్టికు బంతి, ఇవన్నియు ఒక కట్టగా అమ్మబడును. తీగల నడుమ కాలు చిక్కి విఱుగును. చిన్నచక్రములో పరుగిడిన వెన్ను వంగును. మూసిన బంతిలో వేడి పెరిగి జంతువు సొమ్మసిల్లును. ప్లాస్టికును కొఱికి మ్రింగినచో ప్రేగులు మూసికొనును. అడుగున పఱచుటకిచ్చు దేవదారు చిత్రికపొట్టు పరిమళముగా నుండును గాని, ఆ వాసననిచ్చు తైలమే చిన్నజంతువుల ఊపిరితిత్తులకు చేటు.

ఐదవది, “జతగా కొనిపొండు, ఒకే బోనులో విడువుడు, రెండును ఆడవే” అను భరోసా. చించిల్లాలు గుంపుగా బ్రతుకునవే యైనను, ఎఱుగని రెంటిని ఒక్కసారిగా కలిపినచో చచ్చునంతగా పోరాడుకొనుటయు కలదు. ఇక ఆడుమగ చిహ్నములు పైకి ఒకదాని నొకటి పోలియుండుటచే అంగళ్ళలో తఱచు పొరపాటు జరుగును. ఆడవని కొన్న జతకు 111 దినములలో పిల్లలు పుట్టును. తల్లి వెంటనే మరల చూలు దాల్చవచ్చును. కొన్నవాడు ఏమి చేయుటయు తోచక వానిని ఎవరికో ఒకరికి అప్పగించును.

ఆఱవది, “పిల్లలు ఎత్తుకొని ఆడుకొనుటకు తగిన జంతువు” అను మాట. ఇది పగలు నిద్రించునది, బెదురుగొట్టు జంతువు. గట్టిగా పట్టినచో బొచ్చు గుత్తిగా ఊడి చేతిలో మిగులును. శత్రువునుండి తప్పించుకొనుటకు సృష్టికర్త దానికొసగిన ఉపాయమది. బాగుగా పెంచినచో 10 మొదలు 20 సంవత్సరములు జీవించును. పదియేండ్ల బాలునకు కొనిపెట్టిన జంతువు వానికి ముప్పది యేండ్లు వచ్చువఱకు బ్రతికియుండవచ్చునన్న మాట! ఈ సంగతి చెప్పు అంగడివారెందఱు? పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మన పెద్దలు చెప్పినది ఇచ్చట అక్షరాల సరిపోవుచున్నది.

ఇట్టి సలహాలకు కారణమేమి? అంగడివారందఱును దుర్మార్గులని మేము చెప్పము. చేపలు, పక్షులు, కుందేళ్ళు, తాబేళ్ళు, నాలుగు ఖండముల జంతువులు ఒకే కప్పుక్రింద నమ్మబడుచుండగా, కొలదిజీతమునకు పనిచేయు యువకుడు అన్నిటి స్వభావమును ఎఱిగియుండుట యసాధ్యము. శ్రద్ధతో నేర్చుకొని మంచి మాట చెప్పువారును లేకపోలేదు. కాని అసాధ్యమైనప్పుడు “నేనెఱుగను, పశువైద్యు నడుగుడు” అనుటకు నోరేల రాదు? ఎఱుగనని చెప్పిన బేరము చెడునేమో యను భయమే కారణము. అలమరలో ఏది యున్నదో అదియే మంచిదని నాలుక పలుకును. కొనువాని తప్పును తక్కువది కాదు. “దీనిని పెంచుట కష్టమా?” అని యడుగునప్పుడే “కష్టమేమియు లేదు” అను జవాబును వాడు కోరుచున్నాడు. కోరినదానిని అమ్ముటయే అంగడి ధర్మము గదా!

మంచికాపరికిని జీతగానికిని గల భేదమును మన ప్రభువు బోధించిన సంగతి విద్యార్థు లెఱుగుదురు. కాపరి తన గొఱ్ఱెల నెఱుగును. జీతగానికి గొఱ్ఱెలను గూర్చి చింత లేదు. ఆదాము జంతువులకు పేళ్ళు పెట్టెనని ఆదికాండమందు చదువుచున్నాము. పేరు పెట్టుటకు ముందు చూడవలెను, చూచి గుణము నెఱుగవలెను. జంతువులపై మనుష్యున కీయబడిన అధికారము ఎఱుకతో కూడినదని మేము గ్రహించుచున్నాము. ఎఱుక లేని ప్రేమ జంతువు విషయమున క్రూరత్వముకంటె ఎంతమాత్రమును మేలు కాదు. రెంటివలనను అది చచ్చును.

కావున ఏమి చేయవలెను? ప్రతి జంతువుతోకూడ దాని పోషణవిధులను పశువైద్యుడు వ్రాసిన పత్రమును కొనువాని కిచ్చుట అంగళ్ళవారి కర్తవ్యము. ఆ జంతువునకు హానికరమైన తిండిని, చక్రమును దాని ప్రక్కనే పెట్టి అమ్మరాదు. మన దేశమున పెంపుడు జంతువుల అంగళ్ళను గూర్చి 2018వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు నియమములను ప్రకటించిరి. అంగడి రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెనని అందు గలదు. నియమములు మంచివే, కాని చట్టము అంగడివాని నాలుకను సరిదిద్దజాలదు. కొనువాని వివేకమే ఆ పని చేయగలదు.

విద్యార్థులారా, వేసవిలో 40 డిగ్రీలు దాటు మన తెలుగుదేశమున చించిల్లాను కొనవలదని మా స్పష్టమైన సలహా. దివారాత్రములు చల్లనియంత్రము నడిపింపగలవారికైనను, కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నము దానిని చంపుటకు చాలును. మీ యింట నున్న జంతువుల విషయమునను ఇదే విచారణ చేయుడు. కుందేలునకు ముల్లంగి, క్యారెట్టు గాక గడ్డియే ముఖ్యాహారమని మీకు తెలియునా? గాజుగోళములోని బంగారుచేప జానెడు పొడవు పెరుగగలదనియు, పదియేండ్లు బ్రతుకగలదనియు ఎవరైన చెప్పిరా? రామచిలుకను బోనులో పెట్టి పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టముచే నిషిద్ధమని దానిని అమ్మజూపినవాడు చెప్పెనా?

ఏ జంతువునైనను కొనకముందు మూడు ప్రశ్నలు వేయుడు. దీని స్వదేశ మేది, అచ్చటి గాలియు తిండియు ఎట్టివి? ఇది ఎన్ని సంవత్సరములు బ్రతుకును? దీనికి జబ్బు చేసినచో చికిత్స చేయగల వైద్యుడు మన ఊర గలడా? ఈ మూడింటికి జవాబు దొరకనంతవఱకు డబ్బును జేబులోనే యుంచుకొనుడు. జంతువు తన కష్టమును చెప్పుకొనజాలదు. దాని పక్షమున ముందుగా అడుగవలసినవారు మీరే.