మైలేజీ సంగతి తర్వాత, ముందు రేడియేటర్ మూత తీయండి

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన నల్గొండ, పాలమూరు కుర్రాళ్ళకి ఓ జబ్బుంది. ఊళ్ళో అమ్మానాన్నల కోసం సెకండ్ హ్యాండ్ చిన్న కారు చూడ్డానికి వెళ్తారు. అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" ఇక అంతే.. డీజిల్ బండితో తిరిగొస్తారు.

ఈ డీజిల్ మోజుకి ఒకప్పుడు అర్థం ఉండేది. 2012లో లీటరు పెట్రోలుకీ డీజిలుకీ తేడా ఒక దశలో ముప్ఫై రూపాయలు దాటింది. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. 2024లో హైదరాబాద్‌లో ఆ తేడా పన్నెండు రూపాయల దగ్గరుంది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లే మానేసింది. మనోళ్ళ బుర్రలో మాత్రం ఇంకా 2012 నడుస్తోంది :)

సరే, లెక్కే వేద్దాం. ఊళ్ళో ఉండే కారు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. లీటరుకి పెట్రోలు బండి 16, డీజిల్ బండి 20 ఇస్తుందనుకోండి. 2024 ధరల్లో ఏడాదికి మిగిలేది పదకొండు వేల చిల్లర. అంటే నెలకి వెయ్యి కూడా కాదు. పాత డీజిల్లో ఇంజెక్టర్లో, టర్బోనో పోయిందంటే ఆ మిగులంతా ఒక్క బిల్లుతో సరి.

డీజిల్ ఇంజిన్ చెడ్డదని నేననట్లేదు. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టాల్లో నడిచిన ఫియట్ 1.3 రోజూ లాంగ్ తిరిగేవాడికి బంగారం. కానీ దేవరకొండలో నాన్నగారు ఇంటి నుంచి మార్కెట్‌కి వెళ్ళే రెండు కిలోమీటర్లలో ఇంజిన్ సరిగ్గా వేడే ఎక్కదు. ఈజీఆర్ మసి పట్టేస్తుంది. బీఎస్-6 డీజిల్ అయితే ఇంకా ఘోరం, పొగగొట్టంలోని ఫిల్టర్లో మసి కాలాలంటే హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. టర్బో లేని మామూలు 1.2 పెట్రోలుకి, అంటే మారుతి కే-సిరీస్, హ్యుందాయ్ కప్పా లాంటివాటికి, ఈ గోల లేదు. వనపర్తిలోనైనా విప్పి బిగించే మెకానిక్ దొరుకుతాడు.

అసలు మన జిల్లాల్లో మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "రేడియేటర్లో ఏం పోశారు?" నల్గొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కారుకి శత్రువు మాత్రం బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కడుతుందే, అదే పొర ఇంజిన్ లోపల కూడా కడుతుంది. తర్వాత ఓ మే నెలలో ఓవర్‌హీట్, హెడ్ గాస్కెట్.. వరసగా అన్నీ. కాబట్టి ఇంజిన్ బాగా చల్లారాక మూత తీసి చూడండి. రంగు కూలెంట్ ఉంటే మాట్లాడండి. తుప్పు నీళ్ళో, తెల్ల పొరో కనిపిస్తే పెట్రోలైనా డీజిలైనా దండం పెట్టి వచ్చేయండి.

అర్ధరాత్రి నాన్నకి ఛాతీలో నొప్పొస్తే హైదరాబాద్ దాకా తీసుకురావాల్సిన బండి అది. ఆ వేళ లీటరుకి ఎంతిస్తుందని ఎవడూ అడగడు. తాళం తిప్పితే స్టార్ట్ అవ్వాలి, దారిలో ఆగకూడదు. నెలకి వెయ్యి రూపాయల కోసం ఆ భరోసా వదులుకోవడం ఏం తెలివి?