నాచు నూనె గల్ఫ్ చమురును ముంచుతుందా?

చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసే పచ్చటి నాచు మనందరికీ తెలిసిందే. ఆ నాచు నుంచి డీజిల్ తీస్తారట, అది వస్తే అరబ్బు చమురును అడిగేవాడే ఉండడట, ఇక మన కొలువులు గోవిందా... గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల మధ్య అప్పుడప్పుడు వినిపించే మాట ఇది. ఇందులో నిజమెంత? మన కొలువులతో పాటు మనం ఊరికి పంపే పైసలకూ దీనితో సంబంధం ఉంది కాబట్టి, కాస్త లెక్కలు చూద్దాం.

ఆశ పుట్టిన చోటు

నాచులో నూనె ఉన్న మాట అబద్ధం కాదు. దానికి మంచి పొలం అక్కర్లేదు. కొన్ని రకాలకు ఉప్పునీళ్లు చాలు, ఒక్క రోజులోనే రెట్టింపవుతాయి. అందుకే అమెరికా ప్రభుత్వం 1978లోనే దీనిపై పరిశోధన మొదలుపెట్టింది. సుమారు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1996లో ఆపేసింది. అప్పట్లో పెట్రోలు చవక, నాచు నూనె ఖరీదు.

2008 జులైలో చమురు పీపా 147 డాలర్లకు ఎగబాకడంతో మళ్లీ హడావుడి మొదలైంది. ఖతార్ గ్యాస్‌లో భాగస్వామిగా మనవాళ్లకు తెలిసిన ఎక్సాన్ మొబిల్ 2009 జులైలో రంగంలోకి దిగింది. శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ కంపెనీ సింథటిక్ జెనోమిక్స్‌తో చేతులు కలిపి, 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది. అమెరికాలోనే సఫైర్ ఎనర్జీ, సొలజైమ్ లాంటి కంపెనీల్లోకీ పెట్టుబడులు వరదలా వచ్చాయి.

చిక్కు ఎక్కడ?

నాచులో నూనె బాగా పట్టాలంటే దానికి నత్రజని అందకుండా కడుపు మాడ్చాలి. కడుపు మాడ్చితే పెరుగుదల ఆగిపోతుంది. అంటే నూనె కావాలంటే పంట తగ్గుతుంది, పంట కావాలంటే నూనె తగ్గుతుంది. రెండో చిక్కు నీళ్లు. బయటి చెరువుల్లో పెంచితే వెయ్యి లీటర్లు వడగట్టినా దొరికే ఎండు నాచు అర కిలో, మహా అయితే కిలో. దాన్ని వడగట్టాలి, ఆరబెట్టాలి, నూనె పిండాలి. అన్నిటికీ కరెంటే. పైగా తెరిచి ఉన్న చెరువులో వేరే రకం నాచో, దాన్ని తినే పురుగో చేరిందంటే పంట మొత్తం పోయినట్టే.

ఖర్చు ఎంతవుతుందో ఒక్క ఉదాహరణ చాలు. అమెరికా నౌకాదళం 2009లో సొలజైమ్‌తో 20 వేల గ్యాలన్ల ఇంధనానికి ఒప్పందం చేసుకుంది. పరిశోధన ఖర్చు కూడా కలుపుకుంటే లీటరు 110 డాలర్లకు పైనే పడింది!

ఎక్సాన్ 2018లో మరో మాట చెప్పింది. 2025 నాటికి రోజుకు పది వేల పీపాలు తీసే సామర్థ్యం సాధిస్తామంది. ప్రపంచం రోజుకు వాడేది దాదాపు పది కోట్ల పీపాలు. అంటే అది నెరవేరినా పది వేలలో ఒక వంతే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అయింది. సుమారు 35 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాక ఎక్సాన్ తప్పుకుందన్న వార్త 2023 ఫిబ్రవరిలో బయటికొచ్చింది.

ఎవరు ఎవరిని ముంచారు?

మనం గమనించాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. నాచు నూనె వచ్చి చమురు ధర పడగొడుతుందనుకున్నాం. జరిగింది తలకిందులు. 2014 మధ్యలో 110 డాలర్లు దాటిన పీపా 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి జారింది. ఆ చవక చమురుతో పోటీ పడలేక నాచు ఇంధనం చతికిలబడింది. పేరు మార్చుకుని ఆహార నూనెల వైపు మళ్లినా సొలజైమ్ 2017లో దివాలా తీసింది.

అదే దెబ్బ మనకూ తగిలింది. ఖజానాలు తగ్గి గల్ఫ్ ప్రభుత్వాలు కాంట్రాక్టు బిల్లులు ఆపాయి. 2016లో సౌదీలో వేలాది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకుపోయారు. జెడ్డాలోని మన కాన్సులేట్ వాళ్లకు తిండి అందించాల్సి వచ్చింది. మన కొలువును తేల్చేది ఎక్కడో ల్యాబులో పెరిగే నాచు కాదు, చమురు ధరే. దాని మీద కన్నేసి ఉంచండి. ధర పడుతున్నప్పుడు బకాయి జీతాన్ని మూడు నాలుగు నెలలు పోగుపడనివ్వద్దు.

బతికింది ఏది?

నాచు మొత్తానికి ఓడిపోలేదు. చేపనూనెలో ఉండే ఒమేగా-3 అసలు నాచులోనే తయారవుతుంది. దాన్ని నేరుగా తీసి పసిపిల్లల పాలపొడిలో, చేపల మేతలో కలిపే వ్యాపారం నిలబడింది. మార్టెక్ అనే అమెరికా కంపెనీని 2011లో డచ్ సంస్థ డీఎస్ఎం వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది ఇందుకే. ఒకే సరుకును లీటర్ల లెక్కన బండికి పోస్తే నష్టం, గ్రాముల లెక్కన అమ్మితే లాభం.

ఊళ్లో పెట్టుబడి పెట్టేముందు

ఇలాంటి ఆశలు మన నేలకు కొత్త కాదు. 2000ల్లో బంజరు భూముల్లో అడవి ఆముదం, కానుగ వేస్తే డీజిల్ పండుతుందన్నారు. 2017కల్లా డీజిల్‌లో 20 శాతం కలుపుతామని 2009 జాతీయ విధానం చెప్పింది. ఆ గడువు వచ్చేసరికి ఒక్క శాతం కూడా కలవలేదు. ఈము పక్షులు పెంచి, కొనేవాడు లేక మునిగిన రైతులూ మనకు తెలుసు.

రేపు ఎవరైనా 'నాచు పెంచండి, మేమే కొంటాం, మూడేళ్లలో డబ్బు రెట్టింపు' అని వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ రోజు దీన్ని డబ్బిచ్చి కొంటున్నది ఎవరు? కిలో ఎంతకు? మీరు కొనకపోతే నేను ఇంకెక్కడ అమ్ముకోవాలి? సూటిగా జవాబు రాకపోతే దండం పెట్టి పంపండి.

పరిశోధన కోసం 35 కోట్ల డాలర్లు పోయినా ఎక్సాన్ తట్టుకుంది. ఎండలో నిలబడి పదేళ్లు దాచిన పది లక్షలు పోతే మన ఇల్లు తట్టుకోలేదు.