వాకిట్లో వ్యాను

మన తెలుగువాళ్ళకి కదిలే ఇల్లంటే మొదటినుంచీ చిన్నచూపే. గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చిన లంబాడీలు - వీళ్ళందరి సరుకూ, వినోదమూ మనకి కావాలి, వాళ్ళు మాత్రం రాత్రికి ఊరి బయట ఉండాలి. "దేశదిమ్మరి" అన్నది మన భాషలో వృత్తి పేరు కాదు, తిట్టు. తెల్లదొర ఆ తిట్టుని ఏకంగా చట్టం చేశాడు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 నాటికి మద్రాసు రాజధానికీ పాకింది. తిరిగే ఎరుకలవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడానికి బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. 1952లో ఆ ముద్ర కాగితాల మీదనుంచి తీసేశారు. మన బుర్రల్లోంచి ఎవరు తీస్తారు?

ఈ చరిత్రంతా ఇప్పుడెందుకంటే, జార్జియాలో, కమ్మింగ్ ఊళ్ళో, ఆ పాత అనుమానమే "పరిసరాల సౌందర్య పరిరక్షణ" అన్న ముద్దుపేరు పెట్టుకుని మా కాలనీ నిబంధనావళిలో కూర్చుంది. రిక్రియేషనల్ వెహికల్ ఏదైనా వాకిట్లో 24 గంటలకి మించి ఉండకూడదట. ఉంటే జరిమానా. మా ఇంటి యజమానుల సంఘం బోర్డులో ఐదుగురున్నారు. అందులో ముగ్గురు మనవాళ్ళే. వాళ్ళని ఉద్దేశించే ఇది రాస్తున్నాను. అయితే వాళ్ళొక్కళ్ళనే కాదు. వ్యాను మోజులో ఇల్లమ్ముకుని రోడ్డెక్కమని కుర్రాళ్ళకి ఉపదేశించే పెద్దమనుషులతో కూడా నాకు పేచీ ఉంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు కొలతలు. నేను కొన్నది వాడిన రామ్ ప్రోమాస్టర్, 136 అంగుళాల వీల్‌బేస్, ఎత్తు కప్పుది. ముందునుంచి వెనక్కి 213 అంగుళాలు. మా వీధిలో మూడు వాకిళ్ళలో షెవ్రొలే సబర్బన్లున్నాయి. వాటి పొడుగు 225 అంగుళాల పైమాటే. అంటే నా "బస్సు" వాళ్ళ "కారు" కన్నా అడుగు పొట్టి. ఎత్తు ఎక్కువన్న మాట నిజమే, ఎనిమిదడుగుల పైచిలుకు, ఏడడుగుల గరాజ్ తలుపులోంచి పోదు. కానీ నిబంధనలో ఎత్తు ప్రసక్తే లేదు. లోపల మంచం, పొయ్యి ఉంటే నేరం, అంతే. అదే వ్యాను ఖాళీగా ఉన్నప్పుడు, గోడలకి తెల్లరంగు తప్ప ఏమీ లేనప్పుడు, మూడు నెలలు అదే వాకిట్లో ఉంది. ఒక్కరూ నోరెత్తలేదు. పోపు వాసన వచ్చేసరికి సౌందర్యం చెడిందన్నమాట!

"అలా కాదండీ, ఇళ్ళ రేట్లు పడిపోతాయి" అన్నారు బోర్డులో ఒకాయన, చాలా మర్యాదగా. ఇంకొకాయన నన్ను పక్కకి పిలిచి, "అంతా బానే ఉందా అన్నయ్యగారూ? ఉద్యోగం అదీ?" అని గొంతు తగ్గించి అడిగారు. ఒంగోలు నుంచి మా అమ్మయితే ఫోన్లో సూటిగానే అడిగింది: "ఏరా నాయనా, అంత ఇల్లు పెట్టుకుని బండిలో పడుకోవడమేందిరా? జనం ఏమనుకుంటారు?" ముగ్గురి ప్రశ్నా ఒకటే. స్థిరంగా ఉన్నవాడు పరువుగలవాడు, కదిలేవాడు చితికినవాడు.

స్థిరత్వం గురించి ఈ ఊళ్ళో మాట్లాడేముందు కొంచెం ఆలోచించాలి. ఫోర్సిత్ కౌంటీ 1832లో ఏర్పడింది చెరోకీల నేల మీద. లాటరీ వేసి వాళ్ళ భూములు పంచారు. 1838లో వాళ్ళని సైన్యం కాపలాలో పడమటికి తోలారు. 1912లో ఇక్కడున్న సుమారు పదకొండువందలమంది నల్లవాళ్ళని కొద్ది వారాల్లో బెదిరించి, ఇళ్ళు తగలబెట్టి, వెళ్ళగొట్టారు. వాళ్ళలో కొందరికి సొంత పొలాలుండేవి. 1950లలో బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టి లేనియర్ సరస్సు నింపినప్పుడు మరికొన్ని ఊళ్ళ నేలలు నీళ్ళకిందికి పోయాయి. 1987లో సమానత్వం కోసం ఇక్కడ ఊరేగింపు చేసినవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. ఇప్పుడు అదే కౌంటీలో మనం ఐదు బెడ్‌రూముల ఇళ్ళు కొనుక్కుని, వాకిట్లో ఎవరి బండి ఉండాలో తీర్పు చెబుతున్నాం. వచ్చి పాతికేళ్ళు కాలేదు!

పోనీ, మన సంప్రదాయం అంటారా? తెలుగులో తొలి యాత్రాగ్రంథం రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరి, పల్లకీలో, దాదాపు వందమంది పరివారంతో, డేరాలు మోయించుకుంటూ కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. సుప్రీం కోర్టులో దుబాసీ. ఆయన్నెవరూ దేశదిమ్మరి అనలేదు. ఆ పుస్తకం అచ్చయింది కూడా 1838లోనే, ఇక్కడ చెరోకీలని తోలిన ఏడే. ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం తప్పు కాదు, డబ్బు లేకుండా తిరగడమే తప్పన్నది మన అసలు సంప్రదాయం. అది ఒప్పుకుంటే సగం వాదన తీరిపోతుంది.

ఆ డబ్బు సంగతికొస్తే, మనవాళ్ళలో రెండోరకం వాళ్ళున్నారు. వ్యాను అనగానే షోరూముకి పరిగెడతారు. కంపెనీలో తయారై వచ్చే క్లాస్ బి బళ్ళు లక్షన్నర, రెండు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. పదిహేనేళ్ళ అప్పు. లోపల తోలు సీట్లు, టీవీ, రెండడుగుల పొయ్యి. మూడోవారం లాంగ్ వీకెండ్ దాకా స్టోరేజిలో నిద్ర. ఇంట్లో వాడని ఫార్మల్ డైనింగ్ రూము ఒకటుంది కదా, దానికి చక్రాలు తగిలించినట్టు. నాకు వ్యానుకి ఇరవై నాలుగు వేలు, లోపలి పనికి పదకొండు వేలు, ఏడాదిలో శనాదివారాలు అయ్యాయి. గొప్ప చెప్పుకోవడానికి కాదు, లెక్క కోసం.

ఏ బండి కొనాలన్నది ఎవరి అవసరాన్నిబట్టి వారిది గానీ, నా ఎంపికకి కారణాలున్నాయి. స్ప్రింటర్ డీజిల్ ఎత్తయిన కొండలకి మంచిది, కానీ ప్రతి ఊళ్ళో దాన్ని బాగుచేసేవాడు దొరకడు. ట్రాన్సిట్‌కి ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది, లోపల తల తగలదు. ప్రోమాస్టర్ బురదలో చచ్చుది, కిందభాగం నేలకి దగ్గర. అయితే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి గచ్చు కిందకి ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న మా నాన్న ఒక్క పీట వేస్తే ఎక్కగలడు. గోడలు నిటారుగా ఉండి లోపలి వెడల్పు ఆరడుగులు దాటుతుంది. మన సైజు మనుషులు అడ్డంగా పడుకోవచ్చు. మంచం అడ్డంగా పడితే బండి పొడుగులో రెండడుగులు మిగులుతాయి. ఆ రెండడుగుల్లోనే నా వంటిల్లుంది.

వంటిల్లు దగ్గరే అమెరికన్ పుస్తకాలు మనకి పనికిరావు. వాళ్ళు సాండ్‌విచ్ తినే మనిషికి వ్యాను కడతారు. మనకి అన్నం ఉడకాలి, పోపు పెట్టాలి. అన్నం ఆవిరీ, ఇద్దరి రాత్రి ఊపిరీ కలిసి చల్లని ఇనప రేకు మీద నీళ్ళయి, చెక్క వెనక దిగి, తుప్పూ బూజూ పట్టిస్తాయి. అంచేత అన్నిటికన్నా ముందు కప్పుకి పద్నాలుగు అంగుళాల ఫ్యాను, పొయ్యికి దగ్గరగా. కిటికీ ఓరగా తెరిచి దాన్ని బయటికి తిప్పితే ఎండుమిర్చి ఘాటు నిమిషంలో పోతుంది. రేకుకీ ఇన్సులేషన్‌కీ మధ్య నీళ్ళు నిలిచే సందు ఉండకూడదు.

కరెంటు లెక్క ఇంకా తేలిక, ఎవరూ చెయ్యరంతే. 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఇరవై నిమిషాలు వాడితే 500 వాట్ అవర్లు. ఫ్రిజ్‌కి రోజుకి మరో 500. నా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 200 యాంపియర్ అవర్లు, అంటే సుమారు 2500. ప్రెషర్ కుక్కరైతే పొయ్యి తక్కువసేపు కాలుతుంది. నాలుగు వందల వాట్ల సోలార్ పలకలు వేసవిలో ఎండకి పెడితే రోజు గడిచిపోతుంది, చెట్లనీడన పెడితే గడవదు. ఈ జార్జియా అడవుల్లో నీడే ఎక్కువ. అందుకని ఇంజను ఆల్టర్నేటర్ నుంచి ఛార్జరు ఉండి తీరాలి. 12 వోల్టుల దగ్గర 1500 వాట్లంటే 125 యాంపియర్లు. సన్న తీగలు వేస్తే బండి తగలబడుతుంది. లావు తీగలు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నేను ఇది ఒక రిటైరైన ఎలక్ట్రీషియన్ దగ్గర నేర్చుకున్నాను. సిగ్గేమీ లేదు. ఇక బాత్‌రూము గురించి ఒకే మాట: కాసెట్ టాయిలెట్ పక్కన చెంబుకి చోటు వదలండి, కొన్నాక ఏడవకండి.

ఒక్క విషయంలో మాత్రం సొంత పనితనం వద్దు. ప్లైవుడ్ బల్లకి బెల్టు బిగించి "పిల్లల సీటు" అనేవాళ్ళని చూశాను. అది సీటు కాదు. పరీక్షకి నిలిచిన సీటు, దాని కొక్కేలతో సహా, బండి చట్రానికి పట్టాలి. లేదా ఇద్దరే ప్రయాణం చెయ్యండి.

ఇక ఇల్లమ్ముకునే ఉపదేశకులు. "అప్పుల్లేవు, ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంది, ఎల్లోస్టోన్ నుంచి స్టేటస్ కాల్ చెయ్యి" అంటారు. ఎవరికి చెబుతున్నారయ్యా? హెచ్-1బి మీదున్న కుర్రాడు పనిచేసే చోటు మామూలుగా తన మహానగర ప్రాంతం దాటి మారితే యజమాని సవరణ పిటిషన్ వెయ్యాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ కేసు తరవాత అందులో సందేహం లేదు. కొద్దిరోజులకి మినహాయింపులున్నాయి, కాపురానికి లేవు. చిరునామా మారితే పది రోజుల్లో ప్రభుత్వానికి చెప్పాలి. చక్రాల మీద చిరునామా ఏమని చెబుతాడు? ఉద్యోగం పోతే మహా అయితే అరవై రోజులు. ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న 1990 నాటి చట్టం కింద మనవాళ్ళు గ్రీన్‌కార్డు వరసలో జుట్టు నెరిసేదాకా నిలబడ్డారు. ఈ స్వేచ్ఛ పౌరసత్వం ఉన్న నాబోటివాడికి. అది చెప్పకుండా ఫొటోలు చూపించడం అన్యాయం.

పౌరులకైనా సుఖమేమీ కాదు. ఇల్లు నిలబెట్టుకోలేక బండెక్కిన ముసలివాళ్ళ గురించి 2017లో వచ్చిన పుస్తకం "నోమాడ్‌ల్యాండ్", 2021లో దాని సినిమాకి ఆస్కార్ వచ్చింది. చప్పట్లు కొట్టాం. 2024 జూన్‌లో, బహిరంగ స్థలాల్లో పడుకోవడాన్ని శిక్షించే నగర నిబంధనలు క్రూరమైన శిక్ష కిందికి రావని అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది. ఇల్లుండి వ్యానులో పడుకుంటే సాహసం, ఇల్లు లేక పడుకుంటే నేరం. చెప్పానుగా, వీరాస్వామయ్య గారి కాలం నుంచీ ఇంతే.

ఇండియాలో చదువుతున్నవాళ్ళకి ఒక మాట. ఇది చూసి అక్కడ ఫోర్స్ ట్రావెలర్ కొని రంపం పట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పుల్ని ఒప్పుకోదు, 2019లో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణముంది, దాని ప్రకారం ఆమోదం పొందినవాళ్ళ చేత చేయించుకోవాలి. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. అరకు దారిలో, నల్లమలలో, రాత్రి బండి ఆపుకుని నీళ్ళు పట్టుకునే చోట్లు మన రెండు రాష్ట్రాలూ ఎందుకు పెట్టకూడదో అక్కడివాళ్ళే అడగాలి.

నేను అడిగేది చిన్నది. లేనియర్ ఒడ్డున, మా ఊళ్ళోనే, సానీ, బాల్డ్ రిడ్జ్ క్రీక్ క్యాంపుగ్రౌండ్లున్నాయి. గంటన్నర పైకి పోతే చట్టహూచీ జాతీయ అడవి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూశాక వాకిట్లో పప్పూ బియ్యం ఎక్కించుకుని పోవాలంటే బండి వాకిట్లో ఉండాలి, ఇరవై మైళ్ళ దూరంలో అద్దె స్టోరేజిలో కాదు. నేను పెట్టిన సవరణ ఇదీ: ఇరవై అడుగుల లోపు పొడుగు, రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ ఉన్న బండి, కాలిబాటకి అడ్డం రానంతవరకూ, లోపల ఏముందన్న ప్రశ్న లేకుండా వాకిట్లో ఉండొచ్చు. పార్క్ చేసినప్పుడు అందులో ఎవరూ కాపురం ఉండకూడదన్న షరతు నేనే చేర్చాను.

మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. మా కాలనీలో 96 ఇళ్ళు, అంటే 64 ఓట్లు. సంతకాలకి తిరిగితే ఇప్పటికి 51 వచ్చాయి. రానివాటిలో పద్దెనిమిది మనవాళ్ళవి. పడవ పెట్టుకునే వీలు కూడా చేర్చమని ఎదురింటి తెల్లాయన అడుగుతున్నాడు, చేర్చితే ఇంకో ఆరు వస్తాయంటున్నాడు. మీటింగు వచ్చే నెల రెండో మంగళవారం సాయంత్రం ఏడింటికి, క్లబ్‌హౌస్‌లో. రాలేనివాళ్ళకి ప్రాక్సీ కాగితాలు నా దగ్గరున్నాయి. నన్ను వెతకడం కష్టం కాదు, వ్యాను ఇంకా వాకిట్లోనే ఉంది.